మెడ కొలత

చొక్కాల ఫ్యాక్టరీ ఏడో లైన్లో పద్నాలుగో మిషను మీద కూర్చునే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. హాజరు పుస్తకంలో తప్ప అది ఎవరికీ పనికి రాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని టీ కొట్టువాడి దాకా అందరికీ అతను కాలరాయనే. పంతొమ్మిదేళ్ళుగా అతను కుట్టింది కాలర్లే మరి. కాలరెగరేసుకుని తిరిగే జనం లోకంలో ఎందరున్నారో, వాళ్ళల్లో ఎంతమంది మెడ మీద అతని కుట్టు ఉందో చెప్పగలిగేవాళ్ళు లేరు. అతను మాత్రం తన కాలరు ఒక్కసారి కూడా ఎగరేసిన పాపాన పోలేదు.

కాలర్లు కుట్టాడు అనడం కూడా ఎక్కువ చెప్పినట్టే. ఆ లైన్లో ఒక్క కాలరుకి ఐదుగురు మనుషులు. కత్తిరింపు గది నుంచి కట్టలు కట్టలుగా ముక్కలు వచ్చి అతని కుడిచేతి పక్కనున్న తొట్టిలో పడతాయి. ఒక్కో కట్టకి సైజు రాసిన చీటీ ఉంటుంది. పై ముక్క, అడుగు ముక్క, వాటి మధ్య గట్టి గుడ్డ, ఈ మూడింటినీ కలిపి మూడు పక్కలా కుట్టాలి. నాలుగో పక్క వదిలెయ్యాలి. కుట్టినదాన్ని ఎడమవైపు పెట్టాలి. అంతటితో అతని పని సరి. ఎడమవైపు మిషను దగ్గర కూర్చున్నావిడ దాన్ని లోపలిది బయటికి తిప్పి కొసలు పొడుస్తుంది. ఆవిణ్ణి అందరూ తిప్పుడక్క అంటారు. ఆ తర్వాత కాలరు ఏ చొక్కాకి ఎక్కుతుందో, ఆ చొక్కా ఎవరి ఒంటి మీదికి వెళ్తుందో కాలరాయన చూడలేదు. ఫ్యాక్టరీలో పూర్తయిన చొక్కాలు ఉండే గది మూడో అంతస్తులో ఉంది. అక్కడికి ఏడో లైను వాళ్ళకి ప్రవేశం లేదు.

ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్నాయన కాలరు కొస చూసి, ఇది నాదే అనిపించింది అతనికి. కొస అంత పదునుగా రావాలంటే చివర ఒక్క అడ్డకుట్టు వెయ్యాలి. ఆ కిటుకు లైన్లో తను తప్ప ఎవరూ వెయ్యరు. ఇంకాస్త దగ్గరగా చూద్దామని వంగాడు. ఆయన గిరుక్కున తిరిగాడు.

"ఏంటండీ, నా మెడ మీద ఏమన్నా రాసుందా?"

"అబ్బే, అది కాదండీ. ఆ కాలరు నేనే..."

ఆయన లేచి, సంచీ గుండెలకి హత్తుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు. ఈ సంగతి తిప్పుడక్కతో చెప్పడం కాలరాయన చేసిన తప్పు. ఏడాది పొడుగునా భోజనాల వేళ లైనంతా దాన్ని చెప్పుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

పని కష్టమా అంటే కాదు. కష్టమైతేనే బాగుండేది, మనసుకి కాస్త పని దొరికేది. జీతం మీద అతనికి కోపం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. ఇదిగో, ఇది నేను చేశాను అని ఎవరికైనా చూపించడానికి పంతొమ్మిదేళ్ళలో ఒక్క వస్తువు కూడా లేదు. అదీ అతని బాధ. ఇలాంటి బాధ బయటికి చెబితే, తిండి పెట్టే పనిని ఆడిపోసుకుంటావేంటని మందలిస్తారు. మందలించేవాళ్ళని ఒక్క వారం ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది.

అతను ఫ్యాక్టరీలో చేరింది కూతురు పుట్టిన నెలలో. నెల తిరిగేసరికి జీతం వస్తుంది కదా, రెండేళ్ళు చేసి మానేస్తానని చేరాడు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ముఖం వేలాడేసుకుని, "ఈ నెలతో మానేస్తాను" అనడం అప్పటి నుంచీ అలవాటు.

"మీ మానేస్తానుకీ మన అమ్మాయికీ ఒకటే వయసండీ" అనేది భార్య. "అది కాలేజీకి వెళ్ళింది. ఇది ఇంకా గడప దాటలేదు."

అసలు కాలరాయన దర్జీ పని నేర్చింది మేనమామ దగ్గర. మామయ్యది బజారు వీధిలో ఒక్క గది కొట్టు. ముందు కటింగు బల్ల, వెనక రెండు మిషన్లు, గోడకి కొక్కేలు, తలుపు పక్కన నిలువుటద్దం. పద్నాలుగో ఏట ఆ గదిలో అడుగుపెట్టి, ఇరవయ్యో ఏటికల్లా పొద్దున కత్తెర పట్టుకుంటే మధ్యాహ్నానికి చొక్కా కొక్కేనికి తగిలించే వేగం సంపాదించాడు. గుమ్మంలోకి మనిషి రాగానే ఏ భుజం కిందికి ఉందో చెప్పేవాడు.

మామయ్యకి ఓ పద్ధతి ఉండేది. మనిషిని ఊరికే నించోబెట్టి కొలిచేవాడు కాదు. "మాట్లాడిస్తూ కొలవాలిరా. లేకపోతే ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, కొలత అబద్ధమాడుతుంది" అనేవాడు. ముందు ఛాతీ, తర్వాత భుజం, చెయ్యి, పొడుగు. మెడ అన్నిటికన్నా ఆఖర్న. "అప్పటికి మనిషికి నీ మీద నమ్మకం కుదురుతుంది. మెడ పరాయివాడి చేతికివ్వడమంటే మాటలా?" అనేవాడు. మెడ చుట్టూ టేపు తిప్పి, లోపల తన చూపుడు వేలు పెట్టి, ఆ వేలంత వదులు ఇచ్చేవాడు. అంతకు మించి ఒక్క నూలుపోగు ఇచ్చేవాడు కాదు.

ఆ మామయ్యకిప్పుడు చూపు పోతోంది. కంటి వెనక నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు తేల్చేశాడు. ఎదురుగా గుడ్డలు వేలాడుతుంటే రంగు తెలుస్తుంది, చార తెలియదు. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కనున్న ఫోన్ల షాపతన్ని కేకెయ్యాల్సి వస్తోంది. ఇద్దరు కొడుకులున్నారు గానీ, వాళ్ళకి సూదంటే ఇంజెక్షనొక్కటే తెలుసు. అందుకని ఒక ఆదివారం పొద్దున మేనల్లుడికి కబురు పెట్టాడు.

"ఒరేయ్ అల్లుడూ, సూటిగా అడుగుతాను. కొట్లో కూర్చుంటావా?"

పంతొమ్మిదేళ్ళుగా ఎవరైనా ఈ మాట అడుగుతారా అని చూసిన కాలరాయన, తీరా అడిగేసరికి అద్దం వైపు తిరిగాడు.

"ఫోన్లవాడు గది అడుగుతున్నాడు. గోడ కొట్టేసి రెండు షాపులూ ఒకటి చేసుకుంటాట్ట. నేనింకా మాటివ్వలేదు. వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం దాకా ఆగుతానన్నాను" అన్నాడు మామయ్య. తర్వాత బల్ల కింద నుంచి ఒక గుడ్డ తీశాడు. తెల్లటి గుడ్డ మీద సన్న నీలం చారలు. "ఇది నాకు కుట్టు. కత్తిరించడం దగ్గర్నుంచి బొత్తం దాకా అంతా నువ్వే. పరీక్షనుకోకు. నీ చేత్తో కుట్టిన చొక్కా తొడుక్కుని ఎన్నాళ్ళయింది!"

టేపు మామయ్య మెడలోనే ఉంది, ఎప్పటిలాగే. రెండు కొసలకీ ఇత్తడి రేకులు, అంకెలు సగం చెరిగిపోయిన పాత టేపు. అది తీసి మేనల్లుడికిచ్చి నిలబడ్డాడు. కాలరాయన మాట్లాడిస్తూ ఛాతీ కొలిచాడు, భుజం కొలిచాడు, చెయ్యి కొలిచాడు, పొడుగు కొలిచాడు. చేతులు గబగబా కదులుతుంటే అతనికి పండగలా ఉంది. మర్చిపోలేదు, ఏమీ మర్చిపోలేదు అనుకున్నాడు. నాలుగంకెలూ కాగితం మీద రాసుకున్నాడు. మామయ్య గడ్డం కాస్త పైకెత్తి ఇంకా నిలబడే ఉన్నాడు. కాలరాయన టేపు చుట్టి బల్ల మీద పెట్టాడు. ఒక్క క్షణం ఆగి మామయ్య గడ్డం దించుకున్నాడు.

ఇంటికొచ్చి విషయం చెబితే అడ్డం పడ్డవాళ్ళే లేరు. భార్య ఓ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేస్తుంది. ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "మానెయ్యండి. నా జీతం ఉంది, మీ చెయ్యి ఉంది. మీ సణుగుడు వినలేక నా చెవులు చిల్లులు పడుతున్నాయి." కూతురైతే అప్పటికప్పుడు కూర్చుని రాజీనామా ఉత్తరం రాసి పెట్టింది. అందులో 'సంస్థకు కృతజ్ఞతలు' అన్న ముక్క కూడా ఉంది. కాలరాయన ఆ ముక్క దగ్గర కాస్త గొణిగాడు గానీ, చివరికి ఉండనిచ్చాడు. కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కాకి కాలరుంది, దాని కొసలు మెత్తగా వాలిపోయి ఉన్నాయి. అది ఎవరు కుట్టారో గానీ అతను మాత్రం కాదు.

వారమంతా కవరు జేబులోనే ఉంది. ముందు చొక్కా కుట్టి మామయ్యకిచ్చి, ఆ తర్వాత సోమవారం ఉత్తరం ఇద్దామనుకున్నాడు. శుక్రవారం భోజనాల బల్ల దగ్గర తిప్పుడక్కతో చెప్పాడు.

"నిజంగానే?" అందావిడ, డబ్బా మూత సగం తీసి ఆగిపోయి. "నిజంగా వెళ్ళిపోతున్నావా అన్నా?"

"ఊఁ."

"నువ్వు పెట్టడం, నేను తీసుకోవడం. పదకొండేళ్ళు. నీ ముఖమన్నా సరిగ్గా చూశానో లేదో గానీ, నీ చెయ్యి మాత్రం చీకట్లో పట్టుకున్నా గుర్తుపడతాను." తర్వాత నవ్వింది. "వెళ్ళు వెళ్ళు. మనలో ఒక్కళ్ళన్నా బయటపడాలి. నేనైతే ఇంటికెళ్ళి దిండు గలీబులు కూడా తిప్పి తిప్పి తొడుగుతున్నాను. నాకిక మోక్షం లేదు."

ఆదివారం వచ్చింది. పెళ్ళినాడు మామయ్య ఇచ్చిన కాలి మిషను ఓ మూల గుడ్డ కప్పుకుని ఉండేది. దాని మీద టీవీ, టీవీ మీద ఇస్త్రీ పెట్టె. ఇంటిల్లిపాదీ కలిసి అవన్నీ దించి, మిషను కిటికీ దగ్గరికి లాగారు. అతను నూనె వేశాడు, చక్రం బెల్టు బిగించాడు, పాత గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూశాడు. మిషను బాగానే నడిచింది. నేల మీద దుప్పటి పరిచి, దాని మీద నీలం చారల గుడ్డ పరిచి, సుద్దముక్క పట్టుకుని వంగాడు.

ముందు కాలరు గీశాడు. కాగితం వైపు చూడాల్సిన అవసరమే రాలేదు. చెయ్యి దానంతటది తిరిగి, గీత మీద గీత పడకుండా ఒక్క ఊపులో వంపు గీసేసింది. కూతురు పక్కన కూర్చుని చూస్తోంది.

"నాన్నా, అచ్చు మిషను గీసినట్టుంది!"

ఆ మాటకి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కాలరుకి సరిపోయేలా మెడ గీశాడు, మెడను బట్టి భుజం గీశాడు. కత్తిరించడం అయ్యాక మిషను ముందు కూర్చున్నాడు. మొదట భుజాలు కలపాలన్న సంగతి తెలిసీ కాలరే చేతిలోకి తీసుకున్నాడు. మూడు పక్కలా కుట్టు, చివర అడ్డకుట్టు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. కుట్టగానే ఎడమచేత్తో పక్కన పెట్టాడు.

అది టప్పున నేల మీద పడింది. ఎడమవైపు తిప్పుడక్క లేదు. గోడా, గోడకానించిన చీపురూ ఉన్నాయి.

భార్యా కూతురూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ, అతని కుడిచెయ్యి అప్పటికే తొట్టి కోసం గాలిలోకి వెళ్ళి ఉంది. ఇంకో కాలరు తీసుకోవడానికి. ఆ చేతిని అతను మెల్లగా వెనక్కి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది వాళ్ళు చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కాలరు తిప్పి కొసలు పొడవడమే గంట పట్టింది. అది తన పని కాదు మరి. భుజాలు కలిశాయి. చేతులు ఎక్కించబోతే చంక దగ్గర ముడతలు వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టాడు. ముడతలు అవతలి పక్కకి వెళ్ళాయి. మళ్ళీ విప్పాడు. మూడోసారి విప్పేసరికి గుడ్డ అంచు పోగులు పోగులుగా ఊడి చేతికొచ్చింది. ఇరవయ్యో ఏట ఇదే పని ఈలవేస్తూ చేసిన మనిషి తను. ఎలా చేసేవాడో గుర్తుంది, మాటల్లో అడిగితే పూసగుచ్చినట్టు చెప్పగలడు. చేతులు మాత్రం వినడం లేదు. ఎవరో పరాయివాళ్ళ చేతులు అరువు తెచ్చుకున్నట్టు ఉంది. కిటికీ దగ్గర వెలుగుంది, మిషనుంది, గుడ్డ ఉంది, ఇంట్లోవాళ్ళ సరేనన్న మాట ఉంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి? అయినా కావడం లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీ ఇవాళ ఆపండి. ఇంకో రోజు చూద్దాం" అంది భార్య.

"ఇంకో రోజెక్కడుంది?" అని కసిరాడు. వెంటనే, "కాజాలు నువ్వు కుట్టిపెడతావా?" అని అడిగాడు. అంతా తన చేత్తోనే కుట్టాలన్న షరతు అక్కడితో ఆవిరైంది. ఆవిడ సూది తీసుకుంది.

సాయంత్రం ఐదింటికి చొక్కా అనదగ్గదొకటి తయారైంది. ఇస్త్రీ చేశాక చంక దగ్గర ముడతలు కొన్ని దాగాయి, కొన్ని దాగలేదు. కాలరు మాత్రం కత్తిలా నిలబడి ఉంది. దాన్ని చూసుకునే ధైర్యం తెచ్చుకుని కొట్టుకి బయల్దేరాడు.

మామయ్య చొక్కాని కళ్ళతో చూడలేదు. బల్ల మీద పరిచి వేళ్ళతో చదివాడు. పొడుగు, అంచు, జేబు. చంక దగ్గర వేళ్ళు ఆగాయి. వేళ్ళు ఏమీ అనకుండా ముందుకెళ్ళి కాలరు మీదికి చేరాయి.

"అబ్బ!" అన్నాడు మామయ్య. "ఏం కాలరురా ఇది! కొస చూడు, వేలికి గుచ్చుకుంటోంది. నా జన్మలో నేనింత బాగా కుట్టలేదు."

"ఊరుకో మామయ్యా."

"నీ మీదొట్టు. ఉండు, తొడుక్కుంటాను."

తొడుక్కున్నాడు. కింది నుంచి పైకి ఒక్కో బొత్తం పెట్టుకుంటూ వచ్చి మెడ బొత్తం పెట్టుకున్నాడు. అద్దం ముందు అలవాటుగా నిలబడ్డాడు, అందులో ఏమీ సరిగ్గా కనిపించకపోయినా. అద్దంలో కాలరాయనకి మాత్రం అంతా కనిపించింది. ముసలితనానికి ఎండి సన్నబడ్డ మెడ, దాని చుట్టూ ఎక్కడా తగలకుండా నిలబడ్డ కాలరు. బావి మధ్య గెడకర్రలా ఉంది మెడ.

మామయ్య చెయ్యి పైకెళ్ళింది. పాత అలవాటు ప్రకారం చూపుడు వేలు కాలరులోకి దూర్చాడు. దాని పక్కన మధ్య వేలు పట్టింది. ఉంగరం వేలు పట్టింది. చిటికెన వేలు కూడా పట్టింది.

అప్పుడు తట్టింది కాలరాయనకి, మెడ కొలవలేదని. మామయ్య గడ్డం ఎత్తి నిలబడ్డాడు, తను టేపు చుట్టేశాడు. మర్చిపోవడం కూడా కాదది. కాలరుకి మెడ కొలత కావాలన్న ఊహే రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా అతను కుట్టిన కాలర్ల వెనక చీటీలే ఉన్నాయి, మెడలు లేవు. లైన్లో ఎక్కువగా వచ్చేది నలభై నంబరు. చెయ్యి దానంతటది నలభయ్యే గీసింది. చేతులు ఎక్కించడం రాలేదంటే సరే, విడిచిపెట్టి చాలా ఏళ్ళయింది. కాలరు తనది. రోజూ చేసేది. అదొక్కటి తనకొచ్చనుకున్నాడు. అదీ రాదు.

"మామయ్యా..." అన్నాడు.

"నా మెడే సన్నబడిందిలేరా" అన్నాడు మామయ్య, వేళ్ళు బయటికి తీసుకుంటూ. "ముసలాణ్ణయ్యాను కదా. నీ తప్పేముంది?"

తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు కొలత తప్పితే స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి పడేది, అంతటితో పాఠం ఒంటబట్టేది. ఇప్పుడు స్కేలు లేదు. ఓదార్పు ఉంది. ఓదార్చాల్సినంత స్థితికి వచ్చానన్నమాట అనుకున్నాడు కాలరాయన. తల కొట్టేసినట్టయింది.

"ఆర్నెల్లు కూర్చో. చెయ్యి తిరుగుతుంది" అన్నాడు మామయ్య. "కళ్ళుంటే నీ పక్కన కూర్చుని చూపించేవాణ్ణి. లేవు. వేళ్ళతో తడిమి ఎక్కడ తప్పో చెబుతాను. అంతవరకైతే చెయ్యగలను."

ఆర్నెల్లపాటు ఎవరి గుడ్డలు పాడు చెయ్యాలి? బజారు వీధి జనం మామయ్య పేరు చూసి కొనుక్కొచ్చిన గుడ్డలు ఇస్తారు. అవి కత్తిరించాక మళ్ళీ అతకవు. పాడైందని చూసి చెప్పడానికి కొట్లో కళ్ళున్న మనిషి తనొక్కడే. ఆ కళ్ళని తనే నమ్మలేకపోతున్నాడు. కూర్చుంటానని అనలేడు, కూర్చోనని అనడానికి నోరు రాదు.

"ఆలోచించుకుని చెబుతాను మామయ్యా" అన్నాడు.

"బుధవారం దాకా టైముంది" అన్నాడు మామయ్య. చొక్కా విప్పలేదు. మెడ బొత్తం ఒక్కటి తీసి, అలాగే ఉంచుకున్నాడు.

సోమవారం పదిన్నరకి లైను సూపర్‌వైజరు వచ్చి మిషను పక్కన నిలబడింది. చేతిలో స్టాప్‌వాచితో తిరిగే పిల్ల, కూతురి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. చెడ్డది కాదు.

"అంకుల్, నాతో ఏదో చెప్పాలన్నారట కదా? అక్క చెప్పింది."

ఎడమవైపు తిప్పుడక్క చెయ్యి ఆగింది. కాలరాయన జేబు తడుముకున్నాడు. కవరు ఉంది. వారం రోజుల చెమటకి మెత్తబడి, చొక్కాలో ఓ ముక్కలా కలిసిపోయి ఉంది. తీసి ఇవ్వడానికి ఒక్క క్షణం చాలు. ఇస్తే ఎక్కడికెళ్ళాలి? ఇవ్వకపోతే ఇక్కడ ఇంకెన్నాళ్ళు?

"దారం మాటిమాటికీ తెగుతోందమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మెకానిక్కుని పంపింది. మెకానిక్కు మిషను తెరిచి చూశాడు, మూశాడు, పది కుట్లు వేసి చూశాడు. "మిషను నిక్షేపంలా ఉంది కదన్నా" అని తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. తిప్పుడక్క కుడిచెయ్యి చాపి తర్వాతి కాలరు కోసం ఎదురుచూసింది. అతను ఇచ్చాడు.

మంగళవారం ఇద్దామనుకున్నాడు. మంగళవారం ఆ పిల్ల సెలవు పెట్టింది. మనసులో ఎంత తేలికపడ్డాడో చెబితే సిగ్గు. బుధవారం సాయంత్రం షిఫ్టు దిగి కొట్టు వైపు వెళ్ళే బస్సెక్కాడు. కొట్టున్న స్టాపు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. అతను కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, గుమ్మంలో స్టూలేసుకుని మామయ్య రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. నీలం చారల చొక్కా కనిపించింది. ఎవరి కోసం చూస్తున్నాడో తెలియనంత వెర్రివాడు కాదు కాలరాయన. తర్వాతి స్టాపులోనైనా దిగి వెనక్కి నడవచ్చు. తర్వాతి స్టాపూ వెళ్ళిపోయింది.

ఇంట్లో భార్య మిషను మీద గుడ్డ కప్పి, టీవీ ఎత్తబోతే కూతురు సాయం పట్టింది. "మానేస్తాను" అన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. సణిగినా బాగుండునే అనుకునేది ఆవిడ.

ఆ పై ఆదివారం మామయ్య గది ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండే ముఖం కూడా లేదు. మిషన్లు బండెక్కాయి, కొక్కేలు ఊడాయి. కొట్టబోయే గోడ మీద ఫోన్లతను తెచ్చిన మేస్త్రీ సుద్దతో గీతలు గీస్తున్నాడు. మామయ్య ఒంటి మీద అదే చొక్కా. మెడ బొత్తం పెట్టుకుని ఉన్నాడు. కాలరు వదులుగా లేదు.

కాలరాయన దగ్గరికెళ్ళి చూశాడు. బొత్తాన్ని ఊడదీసి, మూడు వేళ్ళ దూరం జరిపి మళ్ళీ కుట్టారు. కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, దారం రంగు కూడా కలవలేదు. కాలరు ఓ పక్కకి కాస్త ఒరిగింది. కానీ మెడ దగ్గర సరిగ్గా కూర్చుంది. లోపల చూపుడు వేలంత వదులు.

"ఎవరు కుట్టారు మామయ్యా?"

"ఎవరేంటి, నేనే. కళ్ళు పోయాయిగానీ మెడ నాదేగా" అని నవ్వాడు మామయ్య. "దారం మాత్రం ఫోన్లవాడు ఎక్కించాడు."

నాకు నేర్పించు మామయ్యా, మొదటి నుంచీ నేర్పించు అనాలనిపించింది అతనికి. నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే మేస్త్రీ గోడకి మొదటి సుత్తిదెబ్బ వేశాడు. గది నిండా దుమ్ము లేచింది. ఇద్దరూ దగ్గుకుంటూ బయటికొచ్చారు.

రోడ్డు మీద మామయ్య మెడలోంచి టేపు తీసి మేనల్లుడి మెడలో వేశాడు. "నా దగ్గరుండి ఏం చేస్తుంది? నీ దగ్గరుంచుకో" అన్నాడు. కాలరాయన తలూపాడు. తలూపడం ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "సరే" అన్నాడు.

మర్నాడు ఆ టేపు మెడలో వేసుకునే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఎందుకు వేసుకున్నాడో అతన్నే అడగాలి. గేటు దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. లైన్లో స్టూలు మీద కూర్చున్నాక స్టాప్‌వాచి పిల్ల చూసింది.

"అంకుల్, మెడలో అదేంటి? కొసలకి రేకులున్నాయి. ఇనుమూ ఇత్తడీ ఏవీ లైన్లోకి తేకూడదు కదా, చొక్కాల్లో పడితే మన ప్రాణాలు తీస్తారు. ఇలా ఇవ్వండి, సాయంత్రం ఇచ్చేస్తాను." చెయ్యి చాపి, మామూలుగా, ఏ వెటకారమూ లేకుండా అడిగింది. "అయినా మీకిక్కడ టేపుతో పనేముంది అంకుల్?"

కాలరాయన టేపు తీశాడు. ఇత్తడి కొస నుంచి మొదలుపెట్టి, మామయ్య చుట్టినట్టే రెండు వేళ్ళ మధ్య చిన్న చక్రంలా చుట్టాడు. ఎడమవైపు నుంచి తిప్పుడక్క చూస్తోంది.

"ఏం లేదమ్మా" అని దాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టి, మొదటి కట్ట విప్పాడు. చీటీ మీద నలభై అని ఉంది.